ఎయిడ్సు వ్యాధియు, దిక్కులేని బిడ్డలును

మన పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరువడిన యూరు. పలనాటి నేలలో సున్నపురాయి విస్తారముగా నుండుటచే నిచ్చట బట్టీలు వెలసినవి. బట్టీల వెంట లారీలు వచ్చినవి. లారీల వెంట కూలిపనికై పరాయి యూళ్లనుండి జనులు వచ్చిరి. అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారియు, గుంటూరు - నడికుడి రైలుమార్గమును మన యూరి మీదుగనే సాగుచున్నవి. రహదారి యనేకులకు అన్నము పెట్టును. కాని రహదారి వెంట సరకులే కాక వ్యాధులును ప్రయాణము చేయును. అట్లు ప్రయాణము చేసిన వ్యాధులలో ఎయిడ్సు ఒకటి. ఆ వ్యాధి పెద్దలకు సోకినను దాని బరువులో ఎక్కువ భాగమును మోయువారు పిల్లలు. అట్టి పిల్లలకు దేశము చేయు సాయమెట్టిదో, ఆ సాయము వారి యింటి గడప చేరుటకు మనవంటివారు చేయదగిన దేమో తెలుపుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

ముందుగా వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. 1981వ సంవత్సరమున అమెరికాలో నీ రోగము తొలుత గుర్తింపబడెను. దీనికి కారణమైన హెచ్.ఐ.వి. యను సూక్ష్మజీవిని 1983లో పారిసు నగరమందలి పాశ్చర్ సంస్థలోని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వారిలో లూక్ మోంటాన్యే, ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ యనువారలకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 1986లో మద్రాసు నగరమందు డాక్టరు సునీతి సోలమన్ గారి యాధ్వర్యమున జరిగిన రక్తపరీక్షలలో నిది మొదటిసారి బయటపడెను. తరువాత కొలది యేండ్లకే ఆంధ్రదేశమున నిది మిక్కిలిగా వ్యాపించెను. అప్పటి గుంటూరు జిల్లా, అనగా మన పలనాడు కూడ చేరియున్న జిల్లా, వ్యాప్తి యధికముగా గల జిల్లాలలో నొకటిగా నెంచబడెను. 2021వ సంవత్సరపు జాతీయ యంచనాల ప్రకారము భారతదేశమున వయోజనులలో నూటికి 0.21 మందికి ఈ క్రిమి యుండగా, ఆంధ్రప్రదేశమున నూటికి 0.67 మందికి కలదు. దేశము మొత్తముమీద సుమారు 24 లక్షల మంది దీనితో జీవించుచుండిరి.

ఈ క్రిమి శరీరమందలి రక్షకశక్తిని కొంచెము కొంచెముగా తినివేయును. అది స్త్రీపురుష సంపర్కము వలనను, పరీక్షింపని రక్తము వలనను, ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడుట వలనను, తల్లినుండి బిడ్డకును సోకును. ఒకే బల్లపై కూర్చుండుట వలన సోకదు. ఒకే కుండలోని నీరు త్రాగుట వలన సోకదు. కలిసి భుజించుట వలనను, ఆడుకొనుట వలనను, దోమకాటు వలనను సోకదు. ఈ వాక్యములు పాఠశాలలో నున్న ప్రతివారును కంఠస్థము చేయదగినవి. ఏలయన, వీనిని తెలియకపోవుట చేతనే పూర్వము పెక్కుచోట్ల నిరపరాధులైన బిడ్డలు తరగతిగదులనుండి వెలుపలికి పంపబడిరి.

ఇక బిడ్డల సంగతి. ఈ వ్యాధిచే బాధింపబడు బిడ్డలు మూడు తెగల వారు. తల్లి కడుపులో నుండగనో, పుట్టునపుడో, పాలు త్రాగునపుడో క్రిమి సోకినవారు మొదటి తెగ. తాము ఆరోగ్యవంతులే యైనను తల్లియో తండ్రియో రోగముతో నున్నవారు రెండవ తెగ. తల్లిదండ్రులలో నొకరినిగాని యిద్దరినిగాని పోగొట్టుకొన్నవారు మూడవ తెగ. మనము వాడుకలో తల్లియు తండ్రియు నిద్దరును లేనివానినే అనాథ యందుము. ప్రపంచసంస్థల లెక్కలలో నట్లు కాదు. పదునెనిమిదేండ్లలోపు వయస్సున తల్లిదండ్రులలో నే యొక్కరు పోయినను ఆ బిడ్డ అనాథయే. ఈ లెక్కచొప్పున ఎయిడ్సు వలన పెద్దలను కోల్పోయిన బిడ్డలు నేడు ప్రపంచమున సుమారు 1 కోటి 40 లక్షల మంది యని యంచనా. వారిలో నధికసంఖ్యాకులు ఆఫ్రికా ఖండపు దక్షిణ, తూర్పు దేశములవారు.

బిడ్డకు కష్టము తండ్రి మరణముతో మొదలగునని చాలమంది తలంతురు. నిజమట్లు కాదు. ఒక కుటుంబము నూహింపుడు. తండ్రి బట్టీలో కూలి. అతడు మంచమెక్కిన నాటనుండి కూలి నిలిచిపోవును. మందులకును, ప్రయాణములకును అప్పు పెరుగును. మొదట తల్లి మెడలోని బంగారము పోవును. పిమ్మట మేక పోవును. ఆ పిమ్మట స్థలము తాకట్టు పడును. తరువాత ఇంటిలోని పెద్ద పిల్ల బడి మానును. ఏలయన రోగికి గంజి కాచి పోయువారును, తమ్ముని చూచువారును కావలెను గదా. తండ్రి పోవునప్పటికి ఆ యిల్లు సగము కూలియేయుండును. ఆపైని తల్లియు జబ్బుపడినచో, బిడ్డలు ముదుసలి అమ్మమ్మ యింటికో నాయనమ్మ యింటికో చేరుదురు. ఆమెకు పోషణ చూడవలసిన కొడుకే పోయెను. ఇప్పుడు కొడుకు బిడ్డలను ఆమె పోషింపవలసివచ్చును. కాబట్టి బిడ్డకు చేయు సాయము తల్లిదండ్రులు జీవించియుండగనే ప్రారంభము కావలెను. తల్లి బ్రదికియుండుటకంటె బిడ్డకు మించిన సాయము వేఱొకటి లేదు.

ఇందుచేతనే మందు మొదటి మాట. మన దేశమున జాతీయ ఎయిడ్సు నియంత్రణ కార్యక్రమము 1992లో నారంభమయ్యెను. 2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వ ఆసుపత్రులలో ఏ.ఆర్.టి. యను చికిత్సను ఉచితముగా నిచ్చుట మొదలిడిరి. ఆ తొలివిడత రాష్ట్రములలో మన రాష్ట్రమును కలదు. 2006 నవంబరులో బాలుర చికిత్సకై ప్రత్యేక జాతీయ ప్రయత్న మారంభింపబడెను. అంతకు పూర్వము పెద్దల మాత్రలను విరిచి పసివారికి పెట్టవలసివచ్చెడిది. తరువాత వారి బరువునకు తగిన మందులు వచ్చినవి. 2017నుండి రోగము ముదురువరకు వేచియుండక, క్రిమి యున్నట్లు తెలిసిన తోడనే చికిత్స నిచ్చుచున్నారు. ఈ మందు వ్యాధిని సమూలముగా తీసివేయదు గాని దానిని అణచియుంచును. ప్రతిదినము వేళ తప్పక మందు పుచ్చుకొనువాడు చదువుకొనవచ్చును, పని చేయవచ్చును, ముదిమివరకు బ్రదుకవచ్చును. 2010 మొదలు 2021 లోపల మన దేశమున ఎయిడ్సు మరణములు నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించి తగ్గినవి. అనగా, అనాథలు కావలసిన బిడ్డలెందరో అనాథలు కాకుండ మిగిలిరి.

తల్లినుండి బిడ్డకు సోకుటను గూర్చియు నిట్లే. చికిత్స లేనిచో వ్యాధిగల తల్లులకు పుట్టిన నూరుగురు బిడ్డలలో 15 మొదలు 45 మందివరకు వ్యాధి సోకును. తల్లి గర్భవతిగా నుండగనే మందు మొదలిడి విడువక వాడినచో, బిడ్డకును పుట్టిన తోడనే కొలది వారములు మందు పోసినచో, ఆ సంఖ్య నూటికి 5 లోపునకు దిగును. గర్భిణీస్త్రీలకు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయుట ఇందులకే. ఆ పరీక్షకు వెఱచి దాటవేయుట బిడ్డకు కీడు చేయుటయే యగును.

మందు తరువాత అన్నము, చదువు, ఆశ్రయము. 2001లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేకసభ సమావేశమై, ప్రతిదేశమును 2003 నాటికి అనాథబాలల కొఱకు జాతీయవిధానమును సిద్ధపఱచి, 2005 నాటికి అమలు జరుపవలెనని తీర్మానించెను. ఆఫ్రికాదేశములు కొన్ని ఈ పనిలో ముందుగా నడచినవి. బోట్స్వానాలో 1999నుండి అనాథలను పోషించు ఇండ్లకు నెలనెలకు ఆహారపదార్థములనిచ్చు ఏర్పాటు గావింపబడెను. కెన్యాలో 2004లో ఐదువందల కుటుంబములతో మొదలిడి, అనాథలను సాకు బంధువుల చేతికి నగదు నిచ్చు పద్ధతిని విస్తరింపజేసిరి. అదే సంవత్సరమున ఉగాండా తన జాతీయవిధానమును ప్రకటించెను. ఈ యనుభవములనుండి లోకము నేర్చుకొన్న పాఠ మొకటి గలదు. పిల్లలను తెచ్చి పెద్ద శరణాలయములలో నుంచుటకంటె, వారి రక్తబంధువుల యింటనే యుంచి, ఆ యింటికి సాయపడుట మేలు. ఖర్చును తక్కువ, బిడ్డకు తన యూరు, తన బడి, తన తోబుట్టువులు దూరము కారు. శరణాలయము ఏ దిక్కును లేనివారికి కడపటి యాశ్రయముగా నుండవలెను గాని మొదటి యాశ్రయము కారాదు.

మన దేశమున 2007లో బాలలును ఎయిడ్సును గూర్చిన విధానపత్రము వెలువడెను. ఆ సంవత్సరమందే గ్లోబల్ ఫండ్ వారి ధనముతో, ఇండియా హెచ్.ఐ.వి. - ఎయిడ్స్ అలయన్స్ యను సంస్థ "చాహా" యను పథకమును ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మణిపూర్, తమిళనాడు రాష్ట్రములలో నడపెను. చాహా యనగా హిందీలో కోరిక యని యర్థము. పౌష్టికాహారము, బడిసామానులు, ఇంటికి చిన్న చిన్న జీవనోపాధులు మున్నగునవి దాని ద్వారా బిడ్డలకు చేరినవి. కాని విదేశధనముతో నడచు పథకములకు గడువు గలదు. గడువు తీరగనే అవి ముగియును. బిడ్డ బాల్యము మాత్రము ఆ గడువుతో ముగియదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము తన విదేశసహాయమును నిలిపివేసినపుడు ఆఫ్రికాలో అనాథబాలల కార్యక్రమములు పెక్కు చిక్కులలో పడుట యందరెఱిగినదే. కావున ఇట్టి సాయము దేశపు సొంత బొక్కసమునుండి, చట్టపు అండతో, జరుగవలెను. మన జాతీయ నియంత్రణ కార్యక్రమపు ఐదవ దశ (2021-26) 15,471 కోట్ల రూపాయలకు మించిన కేటాయింపుతో పూర్తిగా కేంద్రప్రభుత్వ ధనముతోనే యేర్పడుట ఈ దృష్టితో గొప్ప సంగతి.

నేడు మన ప్రాంతపు బిడ్డకు దొరకదగిన సాయములను వరుసగా చెప్పెదను.

మొదటిది మిషన్ వాత్సల్య. ఇది బాలల రక్షణకై 2009లో పుట్టిన పథకమునకు మారురూపము. బంధువుల యింట పెరుగు అనాథలు, వితంతువుల బిడ్డలు, ప్రాణాంతకవ్యాధి గల తల్లిదండ్రుల బిడ్డలు దీనికి అర్హులు. అర్హుడైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల చొప్పున పదునెనిమిదేండ్లవరకు సాయమీయవచ్చునని 2022 నాటి నియమములు చెప్పుచున్నవి. కుటుంబాదాయము గ్రామములలో సంవత్సరమునకు 72,000 రూపాయలను, పట్టణములలో 96,000 రూపాయలను మించరాదు. జిల్లా బాలరక్షణ విభాగము అర్జీలను పుచ్చుకొనును. మన జిల్లాకు ముఖ్యపట్టణము నరసరావుపేట.

రెండవది పింఛను. ఏ.ఆర్.టి. చికిత్సలో నున్న అర్హులైనవారికి మన రాష్ట్రప్రభుత్వ మిచ్చు పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలుగా హెచ్చింపబడెను. ఇది రోగికి వచ్చునదే యైనను ఇంటిలోని బిడ్డల కంచములోనికే చేరును.

మూడవది చదువు. 2009 నాటి విద్యాహక్కు చట్టముచే ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందఱకును ఉచితముగా చదువు చెప్పవలసియున్నది. ఆ చట్టపు కింద ప్రైవేటు పాఠశాలలు బీదలకై విడువవలసిన నూటికి 25 స్థానములలో, 5 స్థానములు అనాథలకును, హెచ్.ఐ.వి. బాధిత బాలలకును, వికలాంగులకును మన రాష్ట్ర నియమములు కేటాయించినవి. ఈ సంగతి చాలమంది అమ్మమ్మలకు తెలియదు. తెలిసిన మనము తెలుపవలెను.

నాలుగవది చట్టము. హెచ్.ఐ.వి., ఎయిడ్సు నివారణ నియంత్రణ చట్టము 2017లో నామోదింపబడి 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునకు వచ్చెను. దీని ప్రకారము వ్యాధి కారణముగా నే పాఠశాలయు బిడ్డను చేర్చుకొన ననరాదు, వేఱుగా కూర్చుండబెట్టరాదు, రక్తపరీక్ష చేయించుకొని రమ్మని నిర్బంధింపరాదు. తనకు వ్యాధి గలదని చెప్పుమని యెవ్వరిని బలవంతపెట్టరాదు. అన్యాయము జరిగినచో రాష్ట్రప్రభుత్వము నియమించు అంబుడ్స్‌మన్ అను విచారణాధికారికి ఫిర్యాదు చేయవచ్చును. ఆయన ముప్పదిదినములలో తీర్పు చెప్పవలెను. వ్యాధిచే బాధింపబడిన బిడ్డల యాస్తి యన్యాక్రాంతము కాకుండ కాపాడు బాధ్యతను ఈ చట్టము ప్రభుత్వముపై నుంచినది. పెద్దలు పోయిన యింటిలో స్థలమును, పొలమును దాయాదులు ఆక్రమించుకొనుట మన పల్లెలలో నెఱుగని సంగతి కాదు గదా.

ఈ చట్టమున మిక్కిలి యాలోచనతో కూర్చిన నిబంధన యొకటి యున్నది. పూర్వము సంరక్షకుడనగా వయోజనుడే. తల్లిదండ్రులు లేని యింటిలో పదునాలుగేండ్ల అక్క ఎనిమిదేండ్ల తమ్ముని పెంచుచున్నను, బడిలో చేర్పించుటకు గాని, ఆసుపత్రిలో చూపించుటకు గాని, బ్యాంకులో లెక్క తెఱచుటకు గాని ఆమె సంతకమునకు విలువ లేకుండెను. ఇప్పుడట్లు కాదు. పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్లలోపు వయస్సుండి, ఇట్టి కుటుంబపు వ్యవహారములను నిర్వహింపగల పరిపక్వత గల అక్కగాని అన్నగాని తన తోబుట్టువునకు సంరక్షకులు కావచ్చును. ఆ యక్క చేయుచున్న పనిని చట్టము తలవంచి గుర్తించినదనవచ్చును.

ఇన్ని యేర్పాట్లుండగా బిడ్డలింకను కష్టపడుట యేల? అని మీరడుగవచ్చును. కారణము భయము. సాయము కావలెనన్న పేరు వ్రాయించుకొనవలెను. పేరు వ్రాయించుకొన్నచో వీధిలో తెలియునని భయము. తెలిసినచో ఇల్లు అద్దెకీయరు, పనికి పిలువరు, పిల్లకు సంబంధము రాదని భయము. ఈ భయముచేత దగ్గఱి ఆసుపత్రిని విడిచి, ఎఱిగినవారెవ్వరు నుండని దూరపుటూరికి పోయి మందు తెచ్చుకొను వారు కలరు. ఒక్కొక్కప్పుడు రానుపోను ఖర్చు లేక మందు మానువారును కలరు. మందు మానినచో క్రిమి బలపడి ఆ మందునకు లొంగకపోవును. కాబట్టి పొరుగువాని నోటిమాట యొకని ప్రాణమును తీయగలదని చెప్పుట అతిశయోక్తి గాదు. ఈ చిక్కును తప్పించుటకే మంచి పథకములు "ఎయిడ్సు అనాథలు" అను పేరును వాడవు. ఆ బిడ్డలకని వేఱుగా గుర్తుపెట్టక, కష్టములోనున్న పిల్లలందఱితోపాటు వారికిని సాయమిచ్చును. మిషన్ వాత్సల్య యిట్టిదే. దాని సాయమును పొందు బిడ్డ తండ్రి యే కారణమున పోయెనో చూచువారికి తెలియనక్కఱలేదు.

బిడ్డకు మాత్రము తన సంగతి క్రమముగా తెలియవలెను. ఆరేండ్లు మొదలు పండ్రెండేండ్లలోపల, వయస్సునకు తగినట్లు కొంచెము కొంచెముగా చెప్పవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా యిచ్చినది. ఎందులకో తెలియక మందు మ్రింగు బాలుడు కొంత పెద్దవాడైన తోడనే దానిని పారవేయును. తెలిసి మ్రింగువాడు తన్ను తాను కాపాడుకొనును. అది చెప్పవలసినవారు ఇంటి పెద్దలును, ఆసుపత్రిలోని సలహాదారులును. తరగతిలోని మిత్రులు కారు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! ఇందులో మీ వంతు ఏమని యోచింపుడు. మీ ప్రక్కబల్లమీది బాలుడు నెలకొకనాడు బడికి రానిచో కారణము త్రవ్వకుడు. ఆనాటి పాఠమును వానికి వ్రాసి యిండు. ఒకని గూర్చి గుసగుస మీ చెవిని పడినచో అది మీతోనే ఆగిపోవుగాక. పాఠశాలలో నెవరికి దెబ్బ తగిలి రక్తము వచ్చినను, వారెవరైనను సరే, చేతితొడుగు వేసికొని కట్టుకట్టుట నేర్చుకొనుడు. అందఱి యెడల నొకే జాగ్రత్త పాటించినచో ఏ యొక్కరిని అనుమానింప నక్కఱలేదు. మీ వీధిలో దిక్కులేని బిడ్డ బడి మానినట్లు తెలిసినచో ఉపాధ్యాయునికో, ఆశా కార్యకర్తకో, అంగన్వాడీకో తెలుపుడు. 1098 అను బాలల సహాయపు టెలిఫోను సంఖ్యకు ఎవరైనను, ఏ వేళనైనను, ఖర్చు లేక పిలువవచ్చును. వ్యాధిని గూర్చిన సందేహములకు 1097 అను సంఖ్య కలదు.

సున్నపురాయి బట్టీలో కాలినపిమ్మట ఇంటిగోడకు తెలుపు నిచ్చును. ఆ బట్టీల యెదుట కాలిన బ్రతుకులు కొన్ని కలవు. వారి బిడ్డలకు కావలసినది మన జాలి గాదు. మందు, అన్నము, బడి, తమ యిల్లు, నోరు మెదపని పొరుగు - ఈ యైదే. మొదటి నాలుగింటికి దేశము చట్టమును, ధనమును సమకూర్చినది. అయిదవది యే బొక్కసమునుండియు రాదు. అది మనమే ఈయవలెను.